దిమ్మకి ఎనభై రెండు

హాస్టల్, మేడ మీది గది

పెదనాన్న గారికి నమస్కారం.

కాలేజీలో చేరి నెల దాటింది. ఇక్కడి తిండి ఎలాగో అరుగుతోంది, పాఠాలే అరగడం లేదు. కామర్స్ అంటే కూడికలూ తీసివేతలే కదా, నాకు నల్లేరు మీద బండి నడక అనుకుని వచ్చాను. మా ఎకనామిక్స్ సర్ రోజూ బోర్డు మీద రెండు గీతలు గీస్తారు. ఒకటి స్థిర వ్యయమట, ఇంకొకటి చర వ్యయమట. ఒకటి కదలదు, ఒకటి పైకి పాకుతుంది. క్లాసంతా తలూపుతుంది, నేనూ ఊపుతాను. గదికొచ్చి పుస్తకం తెరిస్తే బుర్రలోకి ఒక్క ముక్క ఎక్కదు.

నాన్నని అడిగితే, "నేను రేవులో చేపల వేలం పాటలు రాసుకునే గుమస్తాని, నన్నడుగుతావేంటే? మీ పెదనాన్న ముప్పై ఏళ్ళుగా ఐస్ ఫ్యాక్టరీ నడుపుతున్నాడు, ఆయన్నడుగు" అన్నాడు. ఫోన్ చేస్తే మీకు నా మాట వినపడదు, నాకు మీ కంప్రెసర్ మోత తప్ప ఇంకేమీ వినపడదు. అందుకే ఈ ఉత్తరం.

పెద్దమ్మని అడిగానని చెప్పండి.

మీ అమ్మాయి


ఐస్ ఫ్యాక్టరీ, ఆఫీసు గది

ప్రశ్నలపుట్టకి ఆశీస్సులు.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అనలేదు. సరే, విను. వినడం నా వల్ల కాదు గానీ నీకేం.

మన ఫ్యాక్టరీలో నువ్వు చిన్నప్పుడు కాళ్ళు పెట్టి మీ అమ్మ చేత దెబ్బలు తిన్న ఉప్పునీటి తొట్టి ఉంది కదా. ఆ తొట్టి, ఈ షెడ్డు అద్దె, మిషన్ చూసే మిస్త్రీ జీతం, ఇవన్నీ నేను ఒక్క ఐసు దిమ్మ చేసినా చెయ్యకపోయినా కట్టాల్సిందే. నెల మొదటి తారీఖున షెడ్డు యజమాని వచ్చి, "ఏమయ్యా, ఈ నెల ఎన్ని దిమ్మలు చేశావు?" అని అడగడు. అద్దె అడుగుతాడు. అది స్థిర వ్యయం.

ఇక గడ్డకట్టించడానికి డబ్బాల్లో పోసే నీళ్ళు, తొట్టిలో కలిపే ఉప్పు, దిమ్మలు మోసేవాళ్ళ కూలి. దిమ్మకింత చొప్పున పెరిగేవి ఇవి. దిమ్మలు చెయ్యని రోజు ఇవీ ఉండవు. అది చర వ్యయం.

మరి కరెంటు బిల్లు ఎందులోకి వస్తుంది? మీ సర్‌ని అడుగు. అందులో రెండూ ఉంటాయి. మిషన్ తిరిగినా తిరగకపోయినా కట్టేది కొంత, తిరిగినకొద్దీ పెరిగేది కొంత. నేను ఫ్యాక్టరీ పెట్టిన మొదటేడు ఈ తేడా తెలియక మిషన్ ఆపేసి, బిల్లు రాదులే అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. వచ్చిన బిల్లు చూసి ఆ కాలు కిందకి దిగింది.

మీ పెద్దమ్మ ఏ వ్యయమని మాత్రం అడక్కు. ఈ ఉత్తరం ముందు తనే చదువుతుంది.

పెదనాన్న


హాస్టల్

పెదనాన్నా,

మీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. పెద్దమ్మ దగ్గరికొచ్చేసరికి మా పక్క మంచం అమ్మాయి నవ్వలేక పొట్ట పట్టుకుంది. కరెంటు బిల్లు సంగతి క్లాసులో అడిగితే సర్ సుద్దముక్క కింద పెట్టి, "ఎవరమ్మా నీకు చెప్పింది?" అన్నారు. గర్వంగా మీ పేరు చెప్పాను.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. సర్ అంటారూ, నష్టం వస్తున్నా ఒక్కోసారి ఫ్యాక్టరీ నడపడమే మేలట. ఇంకా నష్టం వస్తే ఆపెయ్యాలట. నష్టమంటే నష్టమే కదా, అందులో మంచి నష్టమూ చెడ్డ నష్టమూ ఏమిటి? దీని మీద ప్రతి ఒక్కరూ ఒక వ్యాసం రాయాలి. నిజంగా నడుస్తున్న వ్యాపారం తీసుకుని, నిజమైన లెక్కతో రాస్తే ఎక్కువ మార్కులట. అన్నిటికన్నా మంచి వ్యాసానికి బహుమతి కూడా ఉంది.

మీకు ఎప్పుడైనా ఫ్యాక్టరీ ఆపెయ్యాలనిపించిందా? ఏ రేటు దగ్గర ఆపుతారు?

మీ అమ్మాయి


ఐస్ ఫ్యాక్టరీ

ప్రశ్నలపుట్టకి,

ఇప్పుడు అడిగావు అసలు ప్రశ్న. వానలు మొదలై పడవలు ఒడ్డెక్కాయి, నాకూ తీరిక దొరికింది. నిదానంగా రాస్తాను.

దిమ్మ నూట ఇరవైకి అమ్ముతున్నాననుకో. అందులో నీళ్ళూ ఉప్పూ కూలీ తిరిగే కరెంటూ పోగా మిగిలింది తీసుకెళ్ళి అద్దెకీ జీతాలకీ కడతాను. రేటు వందకి పడింది. అద్దె మొత్తం రాదు, కొంత చేతి నుంచి పడుతుంది. అయినా మిషన్ ఆపను. ఎందుకంటే ఆపితే అద్దె మొత్తం చేతి నుంచే కట్టాలి. ఏమీ రాకపోవడం కంటే సగం రావడం నయం కదా. ఇది నువ్వన్న మంచి నష్టం.

మరి ఎక్కడ ఆపాలి? దిమ్మ చెయ్యడానికి అయ్యే ఖర్చు కూడా రాని చోట. అప్పుడు అద్దె ఎలాగూ పోతుంది, దానికి తోడు ప్రతి దిమ్మకీ చేతి డబ్బు కరుగుతుంది. ఎక్కువ చేసినకొద్దీ ఎక్కువ పోతుంది. ఆ చోట ఆపనివాడు వ్యాపారి కాడు, పంతగాడు.

మనకి ఆ చోటు దిమ్మకి ఎనభై రెండు. దాని కిందకి రేటు పడితే మరుసటి పూట మిషన్ ఆపేస్తాను. నాలుగు పడవల వాళ్ళు కాళ్ళ మీద పడ్డా మళ్ళీ తిప్పను. ఈ లెక్క మీ పెద్దమ్మకి కూడా తెలియదు, ఈ ఉత్తరం తన కంటపడకుండా నేనే వెళ్ళి పోస్టు చేస్తాను. బయట అనకు సుమా. గోడలకి చెవులుంటాయి, నాకే లేవు.

రేవు పక్కన ఎవరో పెద్ద షెడ్డు కడుతున్నారు. ఏంటో ఎవరికీ తెలియదు. మిస్త్రీ సినిమా హాలంటాడు, మీ నాన్న గోదామంటాడు. ఏదైనా మంచిదే, నాలుగు పనులు పుడతాయి.

పెదనాన్న


హాస్టల్

పెదనాన్నా! పెదనాన్నా!

బహుమతి నాకే వచ్చింది!

మీ ఉత్తరాన్నే వ్యాసంగా మలిచాను. మాటలు నావి, లెక్కలు మీవి. పైన "మా పెదనాన్న గారి ఐస్ ఫ్యాక్టరీ" అని కొట్టొచ్చినట్టు కనపడేలా రాశాను. సర్ అందరి ముందూ చదివించారు. బహుమతి ఇవ్వడానికి బయటి నుంచి ఒక పెద్ద కంపెనీ మేనేజరు వచ్చారు. నా వ్యాసం అడిగి తీసుకుని, కుర్చీలో కూర్చునే మొత్తం చదివారు. తర్వాత నన్ను పిలిచి టీ ఇప్పించారు. ఎంత మర్యాదో! "ఈ ఎనభై రెండు ఎలా వచ్చిందమ్మా?" అని అడిగితే నీళ్ళ దగ్గర్నుంచి కరెంటు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. రోజుకి ఎన్ని దిమ్మలు, ఎన్ని పడవల వాళ్ళు వాడుకగా కొంటారు, ఇలా బోలెడు అడిగారు. "మీ పెదనాన్న గారు మా వాళ్ళకి పాఠం చెప్పాలమ్మా" అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇది నా బహుమతి కాదు, మీది. సెలవులకి వచ్చినప్పుడు మీ చేతికే ఇస్తాను.

మీ అమ్మాయి


ఐస్ ఫ్యాక్టరీ

అమ్మాయికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. చాలా సంతోషం. మీ పెద్దమ్మ వీధిలో అందరికీ చెప్పింది.

ఆ మేనేజరు గారిది ఏ కంపెనీయో రాయలేదు నువ్వు.

బాగా చదువుకో.

పెదనాన్న


హాస్టల్

పెదనాన్నా,

ఆ కంపెనీ కోల్డ్ స్టోరేజీలదట. రేవుల పక్కన పెద్ద పెద్ద షెడ్లు కట్టి, చేపలు నిలవ చేసి, ఐసు కూడా వాళ్ళే తయారుచేసి అమ్ముతారట. మీకు తెలిసే ఉంటుంది.

నేను పేజీలు పేజీలు రాస్తే మీరు నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నారు. ఒంట్లో బాగుందా? పెద్దమ్మతో గొడవా? ప్రశ్నలపుట్ట అని కూడా పిలవలేదు.

ఇప్పుడు పోటీ మీద పాఠం నడుస్తోంది. పోటీ ఉంటే రేట్లు తగ్గుతాయి, కొనేవాళ్ళకి మేలు అని పుస్తకంలో ఉంది. మీకు పోటీ ఎవరైనా ఉన్నారా?

మీ అమ్మాయి


ఐస్ ఫ్యాక్టరీ

ప్రశ్నలపుట్టకి,

ఇదిగో, పిలిచాను. ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది.

పోటీ అడిగావు. ఆ పెద్ద షెడ్డు ఐసు ఫ్యాక్టరీయేనని తేలింది. వాళ్ళ మిషన్లు కొత్తవి, దిమ్మలు కాకుండా రేకుల్లాంటి ఐసు కూడా వస్తుంది, దంచే పని లేదు. రేటు కూడా కొంచెం తగ్గించారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, మామూలే. పడవల వాళ్ళకి నాలుగు డబ్బులు మిగులుతున్నాయి. నీ పుస్తకం అబద్ధం చెప్పలేదు.

అయితే పుస్తకంలో తర్వాతి పేజీ కూడా చదువు. పోటీ పోయి ఒక్కడే మిగిలితే రేటు ఏమవుతుందో అక్కడ ఉంటుంది. అది కూడా పరీక్షలో వస్తుంది.

మనకేం ఢోకా లేదు. మిషన్ తిరుగుతూనే ఉంది. మన వ్యాన్ పాతబడిందని అమ్మేశాను. నువ్వు చదువు మీద ధ్యాస పెట్టు, రేవు సంగతులు మీ నాన్నని అడిగి విసిగించకు.

పెదనాన్న


హాస్టల్

పెదనాన్న గారికి,

నాన్నని అడిగాను.

మీరు వద్దన్నారు కాబట్టే అడిగాను. కంపెనీ దిమ్మ ఎంతకి అమ్ముతోందని అడిగితే, "ఎనభై ఒకటి. విచిత్రం చూడు, ఎనభై కాదు, ఎనభై అయిదు కాదు, తెరిచిన రోజు నుంచీ ఎనభై ఒకటే. మీ పెదనాన్న కూడా అదే రేటుకి దిగాడు" అన్నాడు. నాన్నకి ఆ అంకె వెనక ఏముందో తెలియదు. నాకు తెలుసు.

ఆ లెక్క నా వ్యాసంలో తప్ప ఇంకెక్కడా లేదు. నేనే చెప్పాను. టీ తాగుతూ చెప్పాను. బయట అనకు అని మీరు రాశారు. గోడలూ చెవులూ అనేసరికి అది కూడా వేళాకోళమే అనుకున్నాను. మీరు ఏది వేళాకోళంగా అంటారో, ఏది నిజంగా అంటారో ఈ వయసొచ్చినా నాకు తెలియలేదు. కాదు, ఇది మీ మీదకి నెట్టడం. వ్యాసం బాగా రావాలనిపించింది, రాసేశాను. అంతే.

ఆయన అంత మర్యాదగా ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమైంది. ఒంటి మీద తేళ్ళు పాకుతున్నట్టుంది.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. ఎనభై రెండు కిందకి పడితే మరుసటి పూటే ఆపేస్తానని మీరే రాశారు. ఆ చోట ఆపనివాడు వ్యాపారి కాడని కూడా రాశారు. వాళ్ళు తెరిచి మూడు నెలలైంది. ప్రతి దిమ్మకీ నష్టమే కదా. వ్యాన్ పాతబడి అమ్మలేదు మీరు. ఎందుకు నడుపుతున్నారు పెదనాన్నా?

తిట్టండి. దయచేసి చల్లగా మాత్రం రాయకండి.

మీ అమ్మాయి


ఐస్ ఫ్యాక్టరీ

అమ్మాయికి,

తిట్టమన్నావు కాబట్టి ముందు అది కానిస్తాను. నీ నోట్లో నువ్వుగింజ నానదు. మీ తాత నుంచి వచ్చిన గుణం అది. నీ బహుమతి ఉత్తరం చదివిన రోజు నాకు మండిపోయింది. కాగితం ఉండ చుట్టి మూలకి విసిరాను. మీ పెద్దమ్మ దాన్ని తీసి సాపు చేసి, "పిల్ల బహుమతి తెచ్చుకుంటే ఇదేం పాడు బుద్ధి?" అని నన్నే కడిగేసింది. తనకి చెప్పలేను. మింగలేక కక్కలేక కూర్చున్నాను. నీకు రాసిన ఆ నాలుగు ముక్కలు, ఏడు కాగితాలు చింపాక మిగిలినవి.

వాళ్ళు తెరవకముందే ఏం రేటు పెడతారో నాకు తెలుసు. తెరిచిన రోజున మిస్త్రీ రేవు నుంచి వచ్చి వేళ్ళతో చూపించాడు, ఎనిమిది, ఒకటి. నేను లేచి వెళ్ళి మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాను. ముప్పై ఏళ్ళుగా చెబుతున్న లెక్క అది. చెయ్యి కిందకి దిగలేదు.

ఎందుకో చెబుతాను. ఆ రోజే ఆపి ఉంటే, ఎనభై ఒకటి రేటు వచ్చిన రోజున పెదనాన్న ఫ్యాక్టరీ మూసేశాడని ఎవరో ఒకరు నీతో అంటారు. మిగతా లెక్క నువ్వు చేసుకుంటావు. కూడికల్లో తీసివేతల్లో నిన్ను మించినవాళ్ళు మన ఇంట్లో లేరు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, చదువులో మొదటి బహుమతి, దానితో పెదనాన్న ఫ్యాక్టరీ మూతబడింది అని జీవితమంతా మోస్తూ తిరుగుతావా? నాలుగైదు నెలలు లాగి, ఆ తర్వాత ఏదో మిషన్ చెడిందనో, నాకు ఓపిక లేదనో చెప్పి ఆపితే, రెండిటికీ ముడి పడదు అనుకున్నాను. అందుకని నడిపాను. వ్యాన్ దానికే అయిపోయింది. మీ పెద్దమ్మ, పిచ్చి పట్టిందా అంటోంది. "ఎవరి మీదయ్యా ఈ పంతం?" అని మిస్త్రీ అడుగుతున్నాడు. వాడికి ఏమని చెప్పను?

నీ మీద కోపం పోయిందా అంటే, మొత్తం పోలేదు. అబద్ధం చెప్పను. కానీ కోపం వేరు, నువ్వు వేరు.

పెదనాన్న


హాస్టల్

పెదనాన్నా,

నాలుగు రోజులు ఏడ్చాను. ఇప్పుడు రాస్తున్నది ఏడుస్తూ రాయడం లేదు, కాబట్టి జాగ్రత్తగా చదవండి.

ఆపేయండి.

మీరు మూడు నెలలు దిమ్మకింత చొప్పున పోగొట్టుకుని కొన్నది నాకు తెలియకుండా ఉండడం. నాకు తెలిసిపోయింది. ఇంక ఒక్క దిమ్మ చేసినా దానికి కారణం లేదు. వ్యాన్ పోయింది, అది ఇంక రాదు. పోయినదాన్ని చూసి రేపటి పని నిర్ణయించుకోకూడదని మొన్ననే పాఠం అయింది. పుస్తకంలో అది ఒక్క వాక్యం. మీకు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

నా వల్ల మూతబడుతోంది. నిజమే. దాన్ని మోస్తాను. మోయలేనేమోనని మీరు ఇల్లు గుల్ల చేసుకోవద్దు. పెద్దమ్మకి నిజం చెప్పండి, మీకు పిచ్చి పట్టిందని తను అనుకోవడం నేను భరించలేను.

మిస్త్రీ మామకీ, మోసేవాళ్ళకీ నేనే చెబుతాను. శనివారం బస్సుకి వస్తున్నాను. కంపెనీ వాళ్ళు కుర్రవాళ్ళని పనిలోకి తీసుకుంటున్నారని నాన్న అన్నాడు. మామ వయసు వాళ్ళని తీసుకోరట. ఆయన ముఖం చూసి చెప్పాలి నేను, ఉత్తరంలో కాదు.

నేను వచ్చేదాకా అని కూడా ఆగకండి. ఈ ఉత్తరం అందిన పూటే ఆపేయండి.

మీ అమ్మాయి


ఐస్ ఫ్యాక్టరీ

ప్రశ్నలపుట్టకి,

ఆపేశాను. ఉత్తరం పొద్దున అందింది, తొట్టిలో ఉన్న దిమ్మలు తీయించి మధ్యాహ్నానికల్లా ఆపాను. చివరి దిమ్మలు అమ్మలేదు, వాడుక పడవల వాళ్ళకి ఊరికే ఇచ్చేశాను. ఒకాయన డబ్బు తీసుకోవాల్సిందేనని పట్టుబడితే కసిరి పంపించాను.

మీ పెద్దమ్మకి చెప్పాను. "ఇది ముందే నాకు చెప్పి ఉంటే ఇద్దరం కలిసి దాచేవాళ్ళం కదా" అంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

మిస్త్రీకీ మిగతా వాళ్ళకీ రేటు గిట్టలేదని మాత్రమే చెప్పాను. అది నిజమే. అంతటితో ఊరుకోవచ్చు నువ్వు. ఎవరూ నిన్ను అడగరు, ఎవరికీ తెలియదు. బస్సు టికెట్టు వెనక్కి ఇచ్చేసి చదువుకో అని రాద్దామని రెండుసార్లు కలం పట్టుకున్నాను. రాయలేకపోయాను. ముప్పై ఏళ్ళు నాతో చలిలో పనిచేసినవాడు, పని ఎందుకు పోయిందో వాడికి తెలియాలి.

శనివారం రా. నీ మాట నువ్వే చెప్పు, మధ్యలో నేను అడ్డు రాను. మిస్త్రీ నోరు మంచిది కాదు, నీకు తెలుసు. తిడితే పడు. నేనూ నీ పక్కనే నిలబడి పడతాను.

పెదనాన్న